పన్నెండో నంబరు ఇళ్లు రెండు

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఒకతను గోడకు కొత్త నంబరు పలక బిగిస్తున్నాడు. పాతది పీకెయ్యాలా, ఉంచాలా అని వాచ్‌మన్‌ను అడిగాడు. "రెండూ ఉంటే కొరియర్ వాళ్లకు తికమకప్పా, పీకెయ్" అన్నాడు వాచ్‌మన్. నేను పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నంబర్లు తికమకైతే ఏమవుతుందో నాకు పదహారేళ్లప్పుడే తెలిసొచ్చింది. అదంతా ఒక అవరేకాయల కాలంలో, అంటే అనపకాయల కాలంలో, జరిగింది.

అప్పుడు మేం బెంగళూరులో పీణ్యకు వెనకవైపు, అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న ఒక వీధిలో, వరసగా చిన్న చిన్న ఇళ్లున్న వఠారంలో ఉండేవాళ్లం. నాన్న అక్కడి మిషన్ షాపులో లేత్ పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన చొక్కా నుంచి నూనె, కాలిన ఇనుము కలిసిన వాసన వచ్చేది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు. మా తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్నవాళ్లం కాబట్టి మా తెలుగు సగం కన్నడలో నాని ఉండేది.

ఆ వీధిలో ఇళ్లకు రెండు రకాల నంబర్లుండేవి. సైట్లు వేసి స్థలాలు అమ్మినవాళ్లు ఇచ్చిన నంబరు ఒకటి. తర్వాత పన్నుల వాళ్లు వచ్చి తారుతో గోడ మీద రాసిపోయిన నంబరు ఇంకొకటి. కొందరు పాతదే వాడుకున్నారు, కొందరు కొత్తదానికి మారారు. మాది పాత లెక్కలో పన్నెండు. వీధి మలుపులో సంపెంగ చెట్టున్న ఇల్లు కొత్త లెక్కలో పన్నెండు.

ఆ మలుపింట్లోకి గుంటూరు వైపు నుంచి అక్కచెల్లెళ్లు ఇద్దరు వచ్చారు. పెద్దామె ఆస్పత్రిలో నర్సు. అందరూ నర్సమ్మ అనే పిలిచేవాళ్లు. చిన్నామె లెక్కల్లో డిగ్రీ చేసి, టీచరు ట్రైనింగు కూడా ముగించి, ఉద్యోగం కోసం స్కూళ్లకు అర్జీలు రాస్తూ ఉండేది. ఆమెను నేను అక్క అనేదాన్ని. ఆదివారం ఇద్దరూ తెల్ల చీరలు కట్టుకుని, బైబిలు చేత పట్టుకుని చర్చికి నడిచి వెళ్తుంటే మా అవ్వ గడపలో కూర్చుని చూసేది. "అదేం నడక, ఏమంత బిరుసు" అనేది. ఆ నడక ఆమెకు నచ్చిందో లేదో నాకు చివరిదాకా తెలియలేదు.

నేను ఆ ఏడు మొదటి పీయూసీలో, అంటే ఇంటర్ మొదటి ఏడులో చేరాను. లెక్కల్లో మొదటి పరీక్షకే చతికిలబడ్డాను. అమ్మ వెళ్లి అడిగితే, అక్క సాయంత్రం ఐదింటికి రమ్మంది. అప్పటికే ఆమె దగ్గరకు మరో ముగ్గురు ఆడపిల్లలు వస్తుండేవారు. అక్కకు బ్లాకుబోర్డు లేదు. వంటింటి గట్టు వెయ్యగా మిగిలిన కడప బండ ఒకటి గోడకు ఆనించి, దాని మీద సుద్దముక్కతో రాసేది.

ఒకరోజు నేను ఇంట్లో పుస్తకం ముందేసుకుని "ఇది ఫంక్షనా, కాదా" అని గొణుక్కుంటున్నాను. అవ్వ అవరేకాయలు వలిచి నానబెట్టిన గింజల్ని ఒక్కొక్కటే పితికి తొక్క తీస్తోంది. పితికిపప్పు కోసం ఇంటిల్లిపాదీ పని చేసే కాలం అది. వేళ్లకు అంటిన ఆ పచ్చి వాసన రెండు రోజులైనా పోదు.

"ఎవరింట్లోనే ఫంక్షను? మనల్ని పిల్చలేదే" అంది అవ్వ.

"అది కాదవ్వా. లెక్కల్లో ఫంక్షను."

"లెక్కల్లో ఎవరు సమర్తాడినారు?"

అమ్మ నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ మాట అక్కకు చెప్తే ఆమె కూడా పడీ పడీ నవ్వింది. "మేం చదువుకున్నప్పుడు ప్రమేయం అనేవాళ్లం. ఆ మాట వాడితే మీ అవ్వగారికి ఇబ్బంది ఉండదు" అంది.

తర్వాత కడప బండ మీద బ్రాకెట్లు గీసింది. "ఇదిగో, బ్రాకెట్టులో రెండుంటాయి. మొదటిది నువ్వు అడిగేది, రెండోది నీకొచ్చే జవాబు. మొదటిదాన్ని ఎన్నిసార్లు అడిగినా ఒక్క జవాబే రావాలి. ఒకే దానికి రెండు జవాబులొచ్చాయా, అది ప్రమేయం కాదు. అంతే. ఇప్పుడు మన వీధంతా తిరిగి, ఇంటి నంబరూ ఆ ఇంట్లో వాళ్లూ, జతలుగా రాసుకురా."

పెన్సిలు పుచ్చుకుని ఇల్లిల్లూ తిరిగాను. పన్ను వేయడానికేమో అనుకుని ఒకావిడ తలుపేసుకుంది. పాలాయనకు ఇల్లొకటి, ఆవుల కొట్టం ఒకటి, రెండు నంబర్లు. ఆయన ఏడు తనకూ, ఎనిమిది ఆవులకూ రాయమన్నాడు. నేను రెండూ ఆయనకే రాశాను. కాగితం తీసుకెళ్తే అక్క వేలు పెట్టి అడిగింది.

"ఏడో నంబరెవరు?"

"పాలాయన."

"ఎనిమిది?"

"పాలాయనే."

"ఏడుకి ఒక్క జవాబు, ఎనిమిదికి ఒక్క జవాబు. రెండూ ఒకే ఇంటాయన్ని చూపించినా తప్పులేదు. మరి పన్నెండు?"

"మేము."

"ఇంకా?"

"మీరు."

"అదీ సంగతి. మన వీధి ప్రమేయం కాదు" అని సుద్ద చేతులు దులుపుకుంది.

మాకు ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్ తాత కోలారు వైపు మనిషి. ఆయన్ని ఒకరోజు ఆపి అడిగాను, రెండు పన్నెండ్లకూ ఎలా కలగాపులగం కాకుండా ఇస్తావని. "వట్టి నంబరు చూసేవాడెవడు పాపా. పేరూ నంబరూ రెండూ కలిపి చూస్తా. అప్పుడు ఒగటే ఇల్లుండాది" అన్నాడు. అక్కకు చెప్తే చాలా సంతోషించింది. "చూశావా, ఆయన అడిగేది జతని. ఇప్పుడది ప్రమేయమే" అంది.

ఇళ్లతో చెప్తే నాకు బాగానే తలకెక్కింది. వట్టి అంకెలు కనపడగానే అంతా తలకిందులైంది. వారం తర్వాత అక్క చిన్న పరీక్ష పెట్టింది. ఒకటికి ఐదు, రెండుకి ఐదు, మూడుకి ఐదు అని జతలిచ్చింది. అన్నిటికీ ఐదే వచ్చింది కదా, ఇది ప్రమేయం కాదని రాశాను. నాలుగుకి ఒకటి, నాలుగుకి రెండు అని ఇంకోటి ఇచ్చింది. ఇది అవునని రాశాను. అక్క నా కాగితం చూసి పకపకా నవ్వింది. "అమ్మా తల్లీ, ఉన్నవి రెండే ప్రశ్నలు, రెండూ తిరగేసి రాశావు. వీధంతా తిరిగొచ్చింది నువ్వేనా?" అని మిగతా ముగ్గురికీ చదివి వినిపించింది. వాళ్లూ నవ్వారు. అందులో ఒకతె, నేను ఎప్పుడూ పోటీపడే పిల్ల, కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. నాకు చెవులు మండిపోయాయి. ఆ రోజు దారంతా అక్కను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం మా గడపలో ఒక కవరు వచ్చి పడింది. పోస్టుమాన్ తాతకు కంటి ఆపరేషను జరిగింది. ఆయన బదులు ఆయన కూతురు సంచీ తగిలించుకుని తిరుగుతోంది. ఆమెకు మా వీధి కొత్త. పన్నెండు అని చూసి మా ఇంట్లో వేసిపోయింది. కవరు మీద అక్క పేరుంది. మూలన ఏదో స్కూలు ముద్ర ఉంది.

ఇంకో రోజైతే పరుగెత్తి ఇచ్చి వచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం లెక్కల నోట్సులో పెట్టి మూసేశాను. రేపిస్తాలే, ఒక్క రోజు ఎదురుచూడనీ అనుకున్నాను. అంతకంటే చెడ్డ ఆలోచన నాకేం లేదు. కానీ అది చెడ్డదేనని ఆ నిమిషంలోనే నాకు తెలుసు. తెలిసే చేశాను.

తెల్లారి కోలారు నుంచి చిన్నాయన దిగాడు. మా అమ్మాయి పెద్దమనిషైంది, ఫంక్షను పెట్టుకున్నాం, అందరూ బయల్దేరండి అన్నాడు. "ఇది లెక్కల్లోదా, నిజందా?" అని అవ్వ నన్ను అడిగింది. నలుగురం గంటలో బస్సెక్కాం. కోలారులో చిమ్మిలుండలు, పూలజడలు, పాతికమంది పిల్లలు. రెండో రోజు ఉండ కొరుకుతుంటే కవరు గుర్తొచ్చింది. ఏదో స్కూలు నుంచి వచ్చిన కాగితమేగా, తొందరేముంది అని సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చాం. సోమవారం పొద్దున కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉన్నప్పుడు, పక్కింటావిడ అమ్మతో చెప్తుంటే విన్నాను. మొన్న శనివారం అక్కకు ఒక స్కూల్లో ఇంటర్వ్యూ అట. పిలుపు అందనే లేదట. నిన్న చర్చిలో కనపడిన ఇంకో టీచరు, "నిన్నూ పిలిచారు కదా, ఎందుకు రాలేదు" అని అడిగితే అప్పుడు తెలిసిందట. ఆ స్కూలుకు అర్జీ పెట్టి అక్క నాలుగు నెలల నుంచి ఎదురుచూస్తోంది. నర్సమ్మ పోస్టాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వబోతోంది.

బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా నేను చూసుకోలేదు.

ఇంట్లోకి పోయి నోట్సు తెరిచాను. కవరు అలాగే ఉంది. దాన్ని పావడా మడతలో దాచుకుని నీళ్ల పొయ్యి దగ్గరకు వెళ్లాను. హండా కింద కొబ్బరి పీచు రాజుకుంటోంది. పొగకు కళ్ల వెంట నీళ్లొచ్చాయి. కవరు అంచు దాదాపు మంట దాకా తీసుకెళ్లాను. వెనక అవ్వ నిలబడి ఉంది.

"ఏం కాగితమే అది?"

"పాత నోట్సవ్వా."

"రాసిన కాగితాన్ని పొయ్యిలో పెట్టకూడదు. సదువులతల్లి ఉండాది అందులో. తీసి పైన పెట్టు."

అవ్వకు చదవడం రాదు. అందులో ఏముందో ఆమెకు తెలిసే దారి లేదు. అయినా నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. కవరును మళ్లీ పావడాలో దోపుకుని కాలేజీకి పోకుండా కడుపునొప్పని పడుకున్నాను.

పదింటికి వీధి మలుపులో మాటలు గట్టిగా వినపడ్డాయి. అమ్మతో పాటు నేనూ వెళ్లాను. సంపెంగ చెట్టు కింద పోస్టుమాన్ తాత నిలబడి ఉన్నాడు. కంటికి పచ్చటి గుడ్డ కట్టి ఉంది. పక్కన కూతురు, ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. నర్సమ్మ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు. చేతిలో ఫిర్యాదు కాగితం. అక్క గడపలో నిలబడి ఉంది.

"నా బదులు నేనే పెట్టినానమ్మా బిడ్డను. పర్మినెంటు పని కాదు నాది. ఆ కాగితం పోస్టాఫీసుకు పోతే నన్ను ఇంటికి పంపిస్తారు" అంటున్నాడు తాత. "తప్పు దానిది కాదు, నాది. పన్నెండని తప్ప ఏ ఇంట్లో వేసిందో దానికి గ్యాపకం లేదు. రెండు పన్నెండ్లుండాయని నేను చెప్పలేదు. చెప్పాల్సింది."

"మీ కష్టం నాకు తెలుసండీ" అంది నర్సమ్మ. గొంతులో అలసట తప్ప కోపం లేదు. "కానీ మా చెల్లెలు ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిందో మీకు తెలియదు. రేపు ఇంకొకరి ఉత్తరం పోతే? ఎవరో ఒకరు చెప్పాలి కదా."

ఆ పిల్ల తలెత్తి, "నేను పారెయ్యలేదక్కా. నిజంగా పన్నెండులోనే వేసినాను" అంది.

ఆ మాటకు నా కాళ్లు కదిలాయి. ఏం చెప్పాలో అనుకోలేదు. పావడాలోంచి కవరు తీసి అక్క చేతిలో పెట్టాను. చెమటకు మెత్తబడిపోయి ఉంది. "పన్నెండులోనే వేసింది. మా పన్నెండులో. నేను దాచినాను" అన్నాను.

అమ్మ దెబ్బ వీపు మీద పడింది. రెండోది పడకముందే అక్క నా మణికట్టు పట్టుకుని తన వైపు లాక్కుంది.

"ఏ రోజు వచ్చింది?" అని అడిగింది.

"బుధవారం."

అక్క కవరు చింపి, నిలబడే చదువుకుని, మడిచి మళ్లీ కవర్లో పెట్టింది. నర్సమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఫిర్యాదు కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి గుప్పిట్లో పెట్టుకుంది. తాత మెట్టు మీద కూలబడి, గుడ్డ కట్టని కంటిని చేత్తో రుద్దుకున్నాడు. "సరిగ్గానే వేసిందంటప్పా నా బిడ్డ" అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. నన్ను ఒక్క మాట అనలేదు.

"రేపు అమ్మాయిని నాతో పంపండి వదినగారూ. ఆ స్కూలు దాకా వెళ్లి రావాలి" అంది అక్క.

నాన్నకు సాయంత్రం తెలిసింది. ఆయన సంగటి ముద్ద చేత్తో పట్టుకుని చాలాసేపు తినలేదు. "ఆయమ్మ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పో. ఏం అడిగితే అది నిజం చెప్పు" అన్నాడు. అంతే.

రెండు బస్సులు మారి వెళ్లాం. హెడ్‌మిస్ట్రెస్ పెద్దావిడ, నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్లద్దాలు. అక్క నన్ను ముందుకు నెట్టింది. కన్నడలో మొత్తం చెప్పాను. అందరూ నవ్వారని, అందుకే దాచానని కూడా చెప్పాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత అక్కతో అంది, "ఇంకొకరిని తీసుకున్నామమ్మా. ఆమెకు మాట ఇచ్చేశాను. ఇప్పుడు ఆమెను వద్దని నిన్ను తీసుకోమంటావా?"

"వద్దు మేడమ్. ఉద్యోగం అడగడానికి రాలేదు" అంది అక్క. "పిలిస్తే రాలేదన్న మాట నా పేరు మీద ఉండిపోకూడదు. అది చెప్పిపోదామని వచ్చాను."

పెద్దావిడ పెన్ను చేతిలోకి తీసుకుంది. రిజిస్టరు తెప్పించి అక్క పేరు ఎదుట ఏదో కొట్టేసి, ఇంకేదో రాసింది. మాకిద్దరికీ కాఫీ తెప్పించింది. ఆ స్టీలు లోటాలో కాఫీ వేడి తగ్గినా నేను తాగలేకపోయాను. అక్కే "తాగు" అంది.

బస్టాపులో దోసకాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది అమ్ముతున్నారు. అక్క రెండు తీసుకుని ఒకటి నాకిచ్చింది. బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాం.

"నేనలా నవ్వకుండా ఉండాల్సింది" అంది ఉన్నట్టుండి. "నలుగురి ముందూ చదివి వినిపించాను చూడు, అది తప్పు. ఇంకెవరికీ అలా చెయ్యను."

నాకు ఏడుపొచ్చేసింది. దోసకాయ కారం చెయ్యి కంట్లో పెట్టుకున్నాను. కళ్లు మండి ఇంకా ఎక్కువ ఏడ్చాను. అక్క నీళ్ల బాటిలు తీసి నా ముఖం కడిగింది. "రేపటి నుంచి మామూలుగా ఐదింటికి రా. ఆ పాఠం ఇంకా అవలేదు" అంది.

మర్నాడు వెళ్లాను. వీధిలో అందరికీ తెలిసిపోయింది కాబట్టి తల దించుకుని వెళ్లాను. ముగ్గురు ఆడపిల్లలూ జరిగి చోటిచ్చారు. ఆ పాఠం అయింది, దాని తర్వాతివీ అయ్యాయి. ఆ ఏడు లెక్కల్లో గొప్పగా కాకపోయినా గట్టెక్కాను. అక్కకు ఆరేడు నెలల తర్వాత ఊరి అవతలి కొస, చందాపురలో ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. అక్కచెల్లెళ్లిద్దరూ అటే ఇల్లు మారిపోయారు. రెండు మూడు క్రిస్మస్‌లకు వెళ్లి నూనెలో వేయించిన గులాబీ పువ్వుల పిండివంట, కేకు తిని వచ్చాం. నాకు పెళ్లయింది, రాకపోకలు తగ్గాయి. ఇప్పుడు ఆమె ఎక్కడుందో తెలియదు. పోస్టుమాన్ తాత రెండో కంటికీ ఆపరేషను చేయించుకుని ఇంకొన్నేళ్లు సంచీ మోశాడు. వఠారం ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల గోడౌను ఉంది. అటు వెళ్తే ఆ మలుపు ఎక్కడో కూడా నాకు ఆనవాలు దొరకదు.

ఆ తర్వాత నేను తప్పులు చెయ్యలేదని కాదు. వాటిలో చాలావాటిని ఎలా దాటానో గుర్తులేదు. ఆ రోజు తిరుగు ప్రయాణం మాత్రం నిన్నటిలా ఉంది.

రెండో బస్సులో మాకు సీటు దొరికింది. ఎండ కిటికీలోంచి ఒళ్లో పడుతోంది. అక్క ముందు రాత్రి నిద్రపోయినట్టు లేదు. కాసేపటికి ఆమె తల నెమ్మదిగా వాలి నా భుజం మీద ఆగింది. తన ఉద్యోగం పోగొట్టిన పిల్ల భుజమని ఆమెకు తెలుసు. తెలిసే నిద్రపోయింది. కొబ్బరినూనె, సుద్దపొడి కలిసిన వాసన వచ్చింది. నేను కదలకుండా కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది. మా స్టాపు వచ్చింది, వెళ్లిపోయింది. లేపుదామని నోరు తెరిచి కూడా లేపలేదు.

ఆఖరి స్టాపులో కండక్టరు బస్సు తడితే లేచింది. బయటికి చూసి, "ఎక్కడికొచ్చాం? ఎందుకు లేపలేదు?" అంది.

"నిద్రపోతుండావని" అన్నాను.

ఆమె చీర సర్దుకుని దిగింది. నాకు చెయ్యి అందించింది. ఆ ఎండలో ఇద్దరం వెనక్కి నడిచాం. మైలుకు పైనే ఉంటుంది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఇల్లు కనపడేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.